నాయన కట్టిన ఇల్లు, మనం కట్టబోయే ఇల్లు: నెలజీతాల్లో లెక్క వేసుకోవడం ఎలా

కర్నూలులో ఇళ్ళకు ప్లాన్లు గీసి, అనుమతులు తెప్పించే పని నాది. కడప మహిళా పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి వచ్చినప్పటి నుంచీ ఇదే బతుకుతెరువు. నా దగ్గరికి ఎక్కువగా తండ్రీకొడుకులు కలిసి వస్తారు. ప్లాన్ మాట ఎత్తకముందే వాదన మొదలవుతుంది. "నాకు పదిహేనొందల జీతమున్నప్పుడు ఇల్లు కట్టినా మేడమ్. వీనికి అరవై వేలొస్తాండాది, ఇంకా అద్దింట్లోనే ఉండాడు" అంటాడు పెద్దాయన. "అప్పుడు సెంటు ఎంతకు కొన్నావో కూడా చెప్పు నాయనా" అంటాడు కొడుకు. ఇద్దరూ తీర్పు చెప్పమన్నట్టు నా వైపు చూస్తారు.

నేను తీర్పు చెప్పను. ఒక తెల్ల కాగితం ఇచ్చి లెక్క రాయిస్తాను. ఆ లెక్క ఎలా రాయాలో, రాశాక దాంతో ఏం చేయాలో ఇక్కడ చెబుతాను. ఇల్లు కొనాలా, కట్టాలా, అద్దెకే ఉండాలా, నాయన ఇంటిమీదే ఇంకో అంతస్తు వేసుకోవాలా అన్నది తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

ముందు రూపాయలను పక్కన పెట్టండి

1986 నాటి రూపాయినీ ఇప్పటి రూపాయినీ పక్కపక్కన పెడితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. కొందరు బంగారం లెక్కలో కొలుస్తారు, తులం అప్పుడెంత ఇప్పుడెంత అని. బంగారం ధర దాని దారిన అది ఎగురుతుంటుంది కాబట్టి నాకు ఆ కొలత నచ్చదు. ఇల్లు కట్టేది జీతంతో. అందుకే జీతంతోనే కొలవాలి. ఇంటికి అయిన ఖర్చును, కట్టిన ఏడాది చేతికి వచ్చిన నెలజీతంతో భాగించండి. ఎన్ని నెలల జీతమో వస్తుంది.

ఇందులో ఒక షరతు ఉంది. జాగా ఖర్చు ఒక గడిలో, కట్టుబడి ఖర్చు ఇంకో గడిలో విడివిడిగా రాయాలి. రెండూ కలిపేస్తే ఈ లెక్క వేసినా వేయకున్నా ఒకటే.

మా ఇంటి లెక్కే చెబుతా. మా నాయన ప్రభుత్వ బడిలో టీచరు. 1986లో నాలుగు సెంట్ల జాగాలో 700 చదరపు అడుగుల ఇల్లు కట్టినాడు. ఆయన ఖర్చులు రాసుకున్న ఖాతా పుస్తకం ఇంకా మా అమ్మ బీరువాలో ఉంది. జీతం 1,450. జాగా రిజిస్ట్రేషన్‌తో కలిపి 12,000. కట్టుబడి సుమారు 60,000. అంటే జాగాకు ఎనిమిది నెలల జీతం, కట్టుబడికి నలభై ఒక్క నెలల జీతం. మొత్తం నాలుగేళ్ళ జీతం. ప్రభుత్వం ఇచ్చే ఇంటి అడ్వాన్సు కొంత, అమ్మ నగలు కుదువ పెట్టి తెచ్చింది కొంత, మిగతాది చీటీ పాట.

ఇప్పుడు అదే వీధి చివర ఖాళీ జాగా సెంటు ఏడు లక్షలు చెబుతున్నారు. నాలుగు సెంట్లకు 28 లక్షలు. ఈ కాలం వాళ్ళు అడిగే ఇల్లు కింద కారు నిలిపే చోటు, పైన గదులు, అన్నీ కలిపి 1,300 చదరపు అడుగులు. అడుగుకు 2,000 చొప్పున వేసినా 26 లక్షలు. మొత్తం 54 లక్షలు. మీ వీధి ధర వేరే ఉండొచ్చు, మీ అంకెలు మీరు పెట్టుకోండి.

నెలకు 70 వేలు చేతికొచ్చే ప్రభుత్వ ఉద్యోగికి ఇది 77 నెలల జీతం. 30 వేలు వచ్చే ప్రైవేటు ఉద్యోగికి 180 నెలలు, అంటే పదిహేనేళ్ళు. తిండీ బట్టా మానేసి జీతమంతా ఇంటికే పోసినా అంతే.

నాయన ఇంటినే ఇప్పుడు కడితే ఎంత?

చాలామంది ఇక్కడే ఆగిపోయి "చూశావా నాయనా" అని గెలిచినట్టు కూర్చుంటారు. ఇంకో గడి మిగిలే ఉంది. నాయన కట్టిన ఇంటినే, ఉన్నది ఉన్నట్టుగా, ఈ రోజు కడితే ఎంతవుతుంది?

మాది 700 అడుగులు. పడసాల, రెండు గదులు, వంటిల్లు, పెరట్లో స్నానాల గది, ఇంకాస్త అవతల దొడ్డి. కింద బేతంచెర్ల నాపరాళ్ళు. గోడల్లో గూళ్ళే అలమరాలు. ఇంటి మొత్తానికి లైట్లు, ఫ్యాన్లు, ప్లగ్గులు కలిపి పదీ పన్నెండు పాయింట్లకు మించవు. అంత సాదా ఇంటికి ఇప్పుడు అడుగుకు 1,700 అనుకున్నా 12 లక్షల్లో అయిపోతుంది. 30 వేల జీతగాడికి అది నలభై నెలల జీతం. మా నాయనకు అయింది నలభై ఒకటి!

ఈ గడి నింపాక చాలా ఇళ్ళల్లో మాట మారుతుంది. అదే ఇంటిని కట్టడానికి ఇప్పటి చిన్న జీతగాడికి కూడా నాయనకు పట్టినంతే పడుతుంది. మారింది రెండు. జాగా ఎనిమిది నెలల జీతం నుంచి, 30 వేల జీతగాడికి, 93 నెలలకు పోయింది. ఇల్లు 12 లక్షల నుంచి 26 లక్షలకు పెరిగింది, ఆ తేడా 14 లక్షలు మనం కోరుకున్న సౌకర్యాల ఖరీదు. జాగా ధర మీద కొడుకుకు పట్టు లేదు. సౌకర్యాల మీద ఉంది. వాదన ఎవరిది నిజమంటే, జాగా గడిలో కొడుకుది, సౌకర్యాల గడిలో తండ్రిది.

తండ్రులకు ఇంకో లెక్క కూడా చూపిస్తాను. "ఫోన్లు, బయటి తిండ్లు తగ్గిస్తే ఇల్లు అదే వస్తుంది" అంటుంటారు కదా. నెలకు మూడు వేలు మిగిల్చితే ఏడాదికి 36 వేలు. ఏడు లక్షల సెంటు ఒక్కటి కొనడానికి పంతొమ్మిదేళ్ళు దాటుతుంది, అదీ ఆ పంతొమ్మిదేళ్ళూ ధర కదలకుండా ఉంటే. బిర్యానీ మానేయడం ఒంటికి మంచిదే, దాంతో జాగా మాత్రం రాదు.

కొడుకులకు చూపించే లెక్క ఇది. 700 అడుగుల మా ఇంట్లో ఆరుగురం ఉండేవాళ్ళం, తలకు 117 అడుగులు. ఇప్పుడు నలుగురికి 1,300 అడుగులు అడుగుతున్నారు, తలకు 325. మా అబ్బ (తాత) కాలానికి పోతే ఈ లెక్కే పనిచేయదు. బేతంచెర్ల పక్క ఊళ్ళో ఆయనది మట్టి మిద్దె. రాతి గోడలు, దూలాలు, దంతెలు, పైన చౌడుమన్ను. ఏటా వానలకు ముందు మిద్దెకు చౌడు వేసుకోవాలి. రాళ్ళు దగ్గర్లోనివే, పనిచేసేది బంధువులు, బదులు పని. డబ్బు రూపంలో ఖర్చు చాలా తక్కువ. వేసవిలో ఆ ఇల్లు ఎంత చల్లగా ఉండేదో, 43 డిగ్రీల ఎండలో మన స్లాబు కింద ఏసీ లేకుండా కూర్చున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అయినా నేను మా జేజిని (నాయనమ్మను) అడిగితే ఆ మిద్దెకు తిరిగి పోతానని అనేది కాదు. రాత్రిపూట బయటికి పోవాలంటే లాంతరు పట్టుకుని ఇంకొకరిని తోడు లేపాల్సి వచ్చేది.

పెరిగిన సౌకర్యాలను విడదీయడం

ఆ 14 లక్షల తేడాలో ఏది ఉంచాలి, ఏది తీయాలి? "అవసరం, విలాసం" అని విడదీస్తే పని జరగదు. ఎవరికి వారికి అన్నీ అవసరాలే. నేను అడిగే ప్రశ్న వేరు: ఇది ఎవరి కోసం?

గదికి ఆనుకుని బాత్‌రూమ్ అడుగుతారు. ఇంట్లో అరవై దాటినవాళ్ళు ఉంటే అది వాళ్ళ కోసం. అది తీయొద్దు. కింది అంతస్తులోనే పెట్టండి, తలుపు వెడల్పుగా పెట్టండి, గోడకు పట్టుకునే కమ్మీ ఒకటి బిగించండి. మూడో పడకగదికి కూడా బాత్‌రూమ్ కావాలంటే మాత్రం నేను పెన్ను కింద పెడతాను. ఏడాదికి నాలుగుసార్లు వచ్చే చుట్టాల కోసం ఒక బాత్‌రూమ్, దానికి టైల్స్, గీజరు, పైపులు, తర్వాత కారడం, మళ్ళీ తవ్వడం.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ఉంటే తలుపు వేసుకునే చిన్న గది కావాలి. అది తిండి పెట్టే గది, ఉంచండి.

ఇక మిగిలింది చూసేవాళ్ళ కోసం పెట్టే ఖర్చు. ఎలివేషన్ అని ముందు గోడకు అతికించే రాళ్ళు, ఫాల్స్ సీలింగ్, దాంట్లో రంగురంగుల లైట్లు, టేకు సింహద్వారం, అందరికీ కనపడే మెట్ల రెయిలింగ్. ఇవన్నీ గృహప్రవేశం రోజు వచ్చే చుట్టాల కోసం. ఆ రోజు వాళ్ళు పప్పన్నం తిని, పైకెక్కి చూసి, "బాగుంది" అని పోతారు. ఇవి తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. చాలావరకు ఎప్పుడూ పెట్టుకోరు, పెట్టుకోలేదని ఎవరూ బాధపడటం కూడా నేను చూడలేదు.

తర్వాత పెట్టలేనివి కొన్ని ఉన్నాయి. అక్కడ పైసా తగ్గించొద్దు. పునాది, కమ్మి, గోడల్లో వైరింగు పైపులు, నీళ్ళ పైపులు, మిద్దె మీద వాటర్‌ప్రూఫింగ్. ఏసీ ఇప్పుడు కొనకపోయినా దాని పాయింటు వదలండి. పడమటి గోడ ఎండకు కాలిపోతుంది, అటువైపు పడకగది వద్దు, మెట్లో బాత్‌రూమో రానివ్వండి. వాస్తు ఒప్పుకోదంటారేమో, ఆ మాట చెప్పిన పెద్దాయన్ని మే నెల మధ్యాహ్నం ఆ గదిలో పడుకోమనండి. కింద నాపరాళ్ళు వేసుకుంటే టైల్స్ కంటే ఖర్చు తగ్గుతుంది, కాలికి చల్లగానూ ఉంటుంది. మన జిల్లాల్లో దొరికే రాయిని పక్కన పెట్టి ఎక్కడివో పలకలు తెప్పించుకోవడం నాకైతే అర్థం కాదు.

నాయనకు ఉన్నవి, మనకు లేనివి

ఈ గడి ఇంటి ఖర్చులో కనపడదు. అయినా ఇంటి అప్పు ఎంత తీసుకోవచ్చో తేల్చేది ఇదే.

మా నాయనకు పెన్షన్ ఉంది. ఇల్లు కట్టి చేతిలో చిల్లిగవ్వ లేకుండా అయినా, రిటైరయ్యాక నెలనెలా డబ్బు వస్తుందన్న ధీమా ఉండేది. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన ప్రభుత్వ ఉద్యోగులకే పాత పెన్షన్ లేదు, వాళ్ళు జీతంలోంచి వాటా కోసి దాచే సీపీఎస్ కిందికి వచ్చారు. ప్రైవేటు వాళ్ళ సంగతి చెప్పేదేముంది. అంటే ఇంటి కోసం ఎత్తే డబ్బులోంచి ముసలితనానికి కొంత తీసి పక్కన పెట్టాల్సిందే. మేము చదివింది సర్కారు బడిలో, ఫీజు అంటే పలకా బలపం. ఇప్పుడు ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఫీజు కొన్నిచోట్ల ఈఎంఐతో పోటీ పడుతుంది. మధ్యతరగతి జీవితం ఖరీదైంది కాఫీల వల్ల, ఫోన్ల వల్ల అని ఎవరన్నా అంటే ఫీజు రసీదులు చూపించండి.

ఒక్కటి మాత్రం మనకు కలిసొచ్చింది. అప్పుడు ఒక్క జీతం, ఇప్పుడు చాలా ఇళ్ళల్లో రెండు. కాబట్టి నెలజీతాల లెక్కను ఇద్దరి జీతం కలిపి ఇంకోసారి వేయండి. పిల్లల్ని చూసుకునే మనిషికో, క్రెష్‌కో అయ్యే ఖర్చు అందులోంచి తీసేయండి.

ఎంత అప్పు మోయగలరు?

బ్యాంకు ఎంత ఇస్తుందన్నది తర్వాత. ముందు మీ ఇంట్లో లెక్క చూసుకోండి. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళకు తీసుకుంటే లక్షకు నెలకు 868 రూపాయలు. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు, ఎన్ని లక్షలైతే అన్ని రెట్లు. 15 ఏళ్ళకైతే 985, 30 ఏళ్ళకైతే 769. తక్కువ ఈఎంఐ అని 30 ఏళ్ళు పెట్టించుకుంటే లక్షకు మొత్తం 2.77 లక్షలు కడతారు. 15 ఏళ్ళల్లో తీరిస్తే 1.77 లక్షలు. నెలకు 216 రూపాయల తేడాకు లక్ష రూపాయలు ఎక్కువ. వడ్డీ రేటు కదిలే రకం అప్పయితే, సొంతానికి తీసుకున్న ఇంటి లోన్‌ను ముందే తీర్చినా బ్యాంకు జరిమానా వేయకూడదు. కాబట్టి పంట డబ్బో, బోనసో వచ్చినప్పుడల్లా అసలుకు కట్టండి.

భార్యాభర్తలకు కలిపి 55 వేలు వస్తాయనుకుందాం. ఫీజులు, పెద్దవాళ్ళ మందులు, బండి కంతు, చీటీ, వెనకేసుకోవాల్సింది అన్నీ పోగా 22 వేలు ఈఎంఐకి వస్తే గొప్ప. దాన్ని 868తో భాగిస్తే 25 లక్షల అప్పు. 54 లక్షల ఇంటికి బ్యాంకు 80 శాతం ఇచ్చినా 43 లక్షలు తీసుకోవాలి, ఈఎంఐ 37 వేలు దాటుతుంది. ఆ ఇల్లు వీళ్ళది కాదు. ఇంత సూటిగా చెబితే మొహాలు మాడతాయి గానీ, ఇక్కడ చెప్పకపోతే తర్వాత బ్యాంకువాళ్ళు చెబుతారు.

చేతిలో ఉండాల్సిన డబ్బు గురించి కూడా. 30 లక్షల లోపు అప్పుకు బ్యాంకు విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు, ఆపైన 75 లక్షల దాకా 80 శాతం. రిజిస్ట్రేషన్ ఖర్చును మామూలుగా ఆ విలువలో కలపరు. మన రాష్ట్రంలో అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిసి ఏడున్నర శాతం. 28 లక్షల జాగాకు 2.10 లక్షలు, అదీ చేతి నుంచే. బోరు, ప్రహరీ, కరెంటు కనెక్షన్, అనుమతి ఫీజులు ఎస్టిమేటులో ఎప్పుడూ మర్చిపోయే నాలుగు పద్దులు.

ఈ జంటకు నేను చెప్పే మార్గం ఇది. ఊరికి కాస్త అవతల మూడు సెంట్లు, సెంటు నాలుగు లక్షలకు దొరికితే 12 లక్షలు. నాయన ఇల్లు లాంటి 700 అడుగుల ఇల్లు, బాత్‌రూమ్ మాత్రం లోపల, 12 లక్షలు. మిగతా ఖర్చులకు మూడు. మొత్తం 27 లక్షలు. ఇక్కడ ఇంకో లాభం ఉంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో విడతలో, ఏడాదికి తొమ్మిది లక్షల లోపు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని కుటుంబానికి వడ్డీ రాయితీ ఉంది. ఇంటి విలువ 35 లక్షలు, అప్పు 25 లక్షలు దాటకూడదు. మొదటి ఎనిమిది లక్షల మీద నాలుగు శాతం లెక్కన, ఐదు వార్షిక వాయిదాల్లో 1.80 లక్షల దాకా వస్తుంది. 54 లక్షల ఇంటికి ఇది దక్కదు, 27 లక్షల ఇంటికి దక్కొచ్చు. మీ కాలనీ ఆ పట్టణ పరిధిలోకి వస్తుందో లేదో, కట్టడం మొదలుపెట్టక ముందే బ్యాంకులో అడగండి. ఆదాయపు పన్నులో ఇంటి వడ్డీకి రెండు లక్షల మినహాయింపు అంటారు, అది పాత పద్ధతిలోనే. కొత్త పద్ధతి ఎంచుకుంటే మీరు ఉండే ఇంటికి అది రాదు, ఆ లాభాన్ని లెక్కలో కలపొద్దు.

జాగా చౌక అయితే ఎందుకు చౌకో కనుక్కోండి

నన్నూరు, పెద్దపాడు, దిన్నెదేవరపాడు, ఎటు పోయినా వెంచర్ల జెండాలే. మన ఊరికి ధర పెంచే కబుర్లు కొత్త కాదు. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఇదే, ఏ, బీ, సీ క్యాంపులనే కాలనీలు ఆ కాలం గుర్తులు. 2020లో న్యాయ రాజధాని అని చట్టం వచ్చింది, జాగాల రేట్లకు రెక్కలొచ్చాయి, 2021 నవంబరులో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. 2021లో ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు మొదలైంది, ఇప్పుడు పారిశ్రామికవాడ పేరు చెబుతున్నారు. వచ్చినదానికి డబ్బివ్వండి, రాబోయేదానికి ఇవ్వొద్దు. రోడ్డు, నీళ్ళు, కరెంటు స్తంభం, బస్సు, ఈ నాలుగూ ఈ రోజు ఉన్నాయా అన్నదే ధర.

తుంగభద్ర, హంద్రీ ఒడ్డున చౌకగా దొరికితే 2009 మాట అడగండి. ఆ అక్టోబరులో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో అమ్మేవాడు చెప్పడు, పక్కింటి అవ్వ చెబుతుంది. గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తుంది.

నేల నల్లరేగడి అయితే కూడా చౌకగానే ఇస్తారు. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది, మామూలు పునాది వేస్తే కొన్నేళ్ళకే గోడలు చీలొచ్చు. బయానా ఇవ్వకముందే ఒక మూల గుంత తవ్వించి గట్టి నేల ఎంత లోతులో ఉందో చూడండి. లోతుగా ఉంటే పునాది ఖర్చు పెరుగుతుంది, దాన్ని సెంటు ధరకు కలిపి అప్పుడు చౌకో కాదో తేల్చుకోండి.

కాగితాలు: ఈసీ (జాగా మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), లేఅవుట్ అనుమతి నంబరు, రిజిస్ట్రేషన్ కుదరని భూముల నిషేధిత జాబితా 22-ఏలో సర్వే నంబరు ఉందా అన్నది. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చింది) వాసన వస్తే లాయరు దాకా కూడా పోవద్దు, లేచి వచ్చేయండి. ఫ్లాటు కొనేవాళ్ళు బిల్డర్ల ప్రాజెక్టులను నమోదు చేసే రెరా సంస్థ ఇచ్చిన నంబరు చూసుకోవాలి. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతం కంటే ఎక్కువ తీసుకునే హక్కు బిల్డరుకు లేదు. చెప్పే అడుగుల్లో కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే చోటు, ఎంతో అడగండి.

అద్దెకే ఉంటే?

54 లక్షల ఇంటికి మా వైపు 13 వేలకు మించి అద్దె రాదు. ఏడాదికి 1.56 లక్షలు, ఇంటి విలువలో మూడు శాతం కూడా కాదు. అంటే ఓనరు తన ఇంట్లో మిమ్మల్ని చాలా చౌకగా ఉండనిస్తున్నాడు, ఆయన కాచుకున్నది జాగా ధర కోసం. 37 వేల ఈఎంఐ ఎక్కడ, 13 వేల అద్దె ఎక్కడ. ఉద్యోగం ఏ ఊళ్ళో ఉంటుందో తెలియని వయసులో, పిల్లల చదువు ఎటు తిరుగుతుందో తెలియనప్పుడు అద్దె మంచి మార్గమే. ఆ తేడాలో కొంతైనా జీతం పడ్డ రోజే ఆర్‌డీలోకి (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్‌లోకి) పోవాలి, నెలాఖరుకు మిగిలింది వేస్తామనుకుంటే ఏమీ మిగలదు. రిటైరయ్యే నాటికి సొంత కప్పు ఉండాలన్నది మాత్రం నేను గట్టిగా చెబుతాను. డెబ్బై ఏళ్ళ మనిషికి ఇల్లు అద్దెకివ్వడానికి ఓనర్లు ఎన్ని వంకలు పెడతారో చూశాను.

నాయన మిద్దె మీద ఇంకో ఇల్లు

ఈ లెక్కలన్నీ వేశాక చాలా ఇళ్ళల్లో తేలేది ఇదే. 93 నెలల జీతం మింగే జాగా గడి ఇక్కడ సున్నా. అందుకే కొడుకు కొత్త ప్లాన్ అడిగినా నేను ముందు పాత ఇల్లు చూడటానికి పోతాను.

మూడు చూడాలి. ఒకటి, ఇల్లు స్తంభాల మీద ఉందా, గోడల మీద ఉందా. 1980ల ఇళ్ళు చాలావరకు గోడల మీద నిలబడ్డవి. రాతి గోడలు సిమెంటుతో కట్టినవా, మట్టితోనా అన్నది పెచ్చు గీరి చూడాలి. మట్టితో అయితే పైన అంతస్తు మాట మర్చిపోండి. స్తంభాలున్నా పునాది ఎంత లోతు, కమ్మి ఎంత అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు తేల్చాలి, మేస్త్రీ భరోసా చాలదు. పైన వదిలిన కమ్ములు ముప్పై ఏళ్ళు వానకు తడిసి పొట్టు రాలుతుంటే, వాటికే అతికించి స్తంభం లేపుతామంటే ఒప్పుకోవద్దు.

రెండు, పాత ప్లాన్ కాపీ. అప్పట్లో చాలామంది అనుమతి ఒకలా తీసుకుని ఇంకోలా కట్టుకున్నారు. చుట్టూ వదలాల్సిన జాగా లేకపోతే పై అంతస్తుకు అనుమతి దగ్గర చిక్కు. ఇది కొలతలు తీసుకున్న మొదటి రోజే తెలిసిపోతుంది, గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నాక తెలుసుకోవద్దు.

మూడోది, అక్కచెల్లెళ్ళు. ఇల్లు నాయన సొంత సంపాదనైతే ఆయన ఎవరికైనా రాసివ్వొచ్చు. ఏమీ రాయకుండా పోతే, హిందూ కుటుంబాల్లో, భార్యకూ, కొడుకులకూ, కూతుళ్ళకూ, ఆయన తల్లి ఉంటే ఆమెకూ సమాన వాటా. పెద్దల ఆస్తయినా కూతుళ్ళ హక్కు మన రాష్ట్రంలో 1986 నాటి సవరణతోనే మొదలైంది, 2005లో దేశమంతా వచ్చింది. మీరు 15 లక్షలు అప్పు చేసి మిద్దె మీద కడితే, కాగితం లేనంతవరకు అది నాయన ఇల్లే. "మా అక్క అట్లాంటిది కాదు మేడమ్" అంటారు. అక్క ఎట్లాంటిదైనా, అందరూ ఒకచోట ఉన్న పండగ రోజు కూర్చుని మాట్లాడుకోండి. అక్కకు ఏమివ్వాలో తేల్చి, పై అంతస్తును, దానికి తగ్గ నేల వాటాతో సహా, నాయన చేతనే గిఫ్ట్ డీడ్ రాయించి రిజిస్టరు చేయించుకోండి. బ్యాంకు కూడా ఇల్లు ఎవరి పేర ఉందో వాళ్ళ సంతకం లేకుండా అప్పివ్వదు.

పై ఇంటికి మెట్లు బయటి నుంచి పెట్టించండి. కరెంటు మీటరు వేరే తీసుకోండి, నీళ్ళ ట్యాంకు వేరే, ఆస్తి పన్ను అసెస్‌మెంటు వేరే. రెండు వంటిళ్ళు ఉన్న ఇంట్లో బిల్లు ఎవరు ఎంత కట్టాలన్న తగువు రాకూడదంటే ఇది కట్టేటప్పుడే జరగాలి, తర్వాత గోడలు పగలగొట్టి మీటరు వైరు లాగడానికి ఎలక్ట్రీషియన్ రెండింతలు అడుగుతాడు.